ముస్తాక్ గారి ఇరవై కిలోల రాయి

ఏలూరులో కాటాలు బాగుచేసే ముస్తాక్ గారి దగ్గర ఇరవై కిలోల తూకం రాయి ఒకటుంది. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల మీద ఏ కాటా సరిచేయాలన్నా దాన్నే పెట్టి చూస్తారు. ఈ ఏడు తూనికలు కొలతల ఆఫీసులో పరీక్ష చేయిస్తే అది వంద గ్రాములు తక్కువ తూగింది. అడుగున పోసిన సీసం ఎప్పుడో ఊడిపోయింది. అంటే ఆ రాయితో సరిచేసిన కాటాలన్నీ ఇరవై కిలోలకి వంద గ్రాములు ఎక్కువ చూపిస్తున్నట్టే. ఇంకొకరైతే కొత్త సీసం పోయించి, ముద్ర వేయించుకుని, నోరు మెదపకుండా ఊరుకునేవారు. నేనైతే అదే చేసేవాణ్ణి. ఈయన మాత్రం సీసం పోయించి సరిచేసిన ఆ రాయిని మోపెడ్‌కి కట్టుకుని, నిరుటి నుంచి తాను సరిచేసిన నలభై కాటాల దగ్గరికీ మళ్ళీ బయల్దేరారు. కూలి కూడా అడగలేదు.

గుండుగొలను దగ్గర చెరువు రైతు తాతాజీ గారు అడ్డుపడ్డారు.

"ఏవండీ, మా కాటా ఎక్కువే చూపిస్తోందంటున్నారుగా. చేపలమ్ముకునేది మేమేనండీ. అలాగే ఉండనివ్వండి."

"కిందటిసారి గ్రాము తేడా వచ్చినా ఒప్పుకోనని నా వెనకాలే నిలబడ్డారు కదండీ," అన్నారు ముస్తాక్ గారు, రాయి కాటా మీద పెడుతూ. "ఇవాళ కూడా నిలబడండి."

కాటా ఇరవై కిలోల వంద గ్రాములు చూపించింది. ఆ అంకె ఇరవైకి దిగేదాకా తాతాజీ గారు అక్కణ్ణించి కదల్లేదు.