మౌలాలీ నీళ్ళ డబ్బా

మా ఆయన మౌలాలీ మొదట దాచేపల్లి పక్క గనిలో నాపరాయి కొట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా తెల్ల దుమ్ము పోయేది కాదు. తర్వాత రాళ్ళు కొని అమ్మడం మొదలుపెట్టాడు. ఎనభై రెండు నాటికి మూడు లారీలయ్యాయి. ఇంత సంపాదించినా నేను భయం లేకుండా పడుకున్న రోజులు తక్కువ. కారణం వ్యాపారం కాదు, రాజీలు.

వెల్దుర్తి వైపు ఒక ఊళ్ళో యల్లమంద, శివరామయ్య అని రెండు వర్గాలు. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదాలో ఇటొకరు, అటొకరు చచ్చిపోయారు. ఇద్దరిళ్ళకీ బండలు మావే. మాకేమో వాళ్ళతో కులమూ లేదు, చుట్టరికమూ లేదు. అందుకని ఒకరి మాట ఒకరికి చేరవేసే పని ఆయన మీద పడింది. ఆ ఊళ్ళో దానికో కట్టుబాటు ఉంది. రాజీకి తిరిగే మనిషి ఏ పక్షం ఇంట్లోనూ మంచినీళ్ళు ముట్టకూడదు. ముట్టాడంటే ఆ పక్షంలో కలిసిపోయినట్టే. రెండో పక్షం అతన్ని ప్రాణాలతో తిరగనిస్తుందని నమ్మకం లేదు.

అందుకే ఆయన బయల్దేరిన ప్రతిసారీ మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో నేనే నీళ్ళు నింపి ఇచ్చేదాన్ని. తిరిగొచ్చే మోటార్‌సైకిల్ చప్పుడు సందు మలుపులో వినిపించేదాకా గుమ్మంలో నిలబడేదాన్ని.

“ఏందమ్మా సాబిరా, మీ గుమ్మాన్ని ఎవరన్నా ఎత్తుకుపోతారా ఏంది?” అని పక్కింటి రామాయమ్మత్త ఎగతాళి చేసేది.

ఆయన రాగానే డబ్బా అందుకుని చూసేదాన్ని. తేలిగ్గా ఉంటే, ఎవరింటా తాగలేదని గుండె కుదుటపడేది.

ఆయన తిరుగుడుకి ఆ ఊళ్ళో చావులు ఆగాయి. ఎనభై ఏడులో మండలం ఎన్నికలొచ్చాయి. తమ ఇద్దరిలో ఎవరు నిలబడ్డా మళ్ళీ తలకాయలు లేస్తాయని, ఆయన్నే నిలబడమని రెండు పక్షాలూ కబురు చేశాయి. వద్దని నేను ఏడ్చాను. అయినా ఆయన నిలబడ్డాడు, గెలిచాడు.

గెలిచిన రోజు దండలు వేసుకుని తిరిగే మనిషి చేతిలో డబ్బా ఏం బాగుంటుందని నేను నీళ్ళు నింపలేదు. తప్పు అక్కడ జరిగింది. ఎండలో ఊరేగి ఊరేగి, యల్లమంద ఇంటి అరుగు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన మజ్జిగ గటగటా తాగేశాడట. రాజీ పనులు అయిపోయాయి, ఇక తను అందరి మనిషినే అనుకున్నాడు.

సాయంత్రానికి మా లారీ పగిలిన అద్దాలతో ఇంటికొచ్చింది. మజ్జిగ తాగినవాడి బండలు తమకొద్దని, ఈసారి పగిలేది అద్దం కాదని శివరామయ్య మనుషులు డ్రైవరుతో చెప్పి పంపారు.

తెల్లారగానే ఆయన శివరామయ్య ఇంటికి బయల్దేరాడు. నేనూ బండెక్కాను.

“నువ్వెందుకే?”

“డబ్బా నింపనిది నేను.”

వాకిట్లో కర్రలు పట్టుకుని పదిమంది దాకా ఉన్నారు. ఆయన చెప్పులు విడిచి వాళ్ళ మధ్యలోంచి నడిచాడు, వెనకే నేను. వాకిలి చివర మంచం మీద కూర్చున్న శివరామయ్య తలెత్తలేదు.

“శివరామయ్యన్నా, దప్పికైతా ఉంది. మంచినీళ్ళిప్పించు.”

నా చూపంతా ఆ ఇంటి గుమ్మం మీదే. లోపల చీకటిగా ఉంది. అందులోంచి ఏం వస్తుందో తెలియదు. చాలాసేపటికి శివరామయ్య భార్య అలివేలమ్మ ఇత్తడి చెంబుతో వచ్చింది. ఆ తగాదాలో వీళ్ళ వైపు పోయింది ఆమె తమ్ముడే. అందులో ఏం కలిపారోనని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా మొహం చూసింది. కాసిని నీళ్ళు తన దోసిట్లో పోసుకుని తాగింది.

“భయపడబాక అమ్మాయ్. ఉత్త నీళ్ళే.”

ఆయన చెంబెత్తి ఖాళీ చేశాడు.

అప్పుడు శివరామయ్య మంచం మీద పక్కకి జరిగాడు. “ఇప్పుడు ఇద్దరికీ ఒకటే అయినావు. కూర్చో.”

తిరుగు దారంతా నేను ఆయన వీపు మీద చెయ్యి ఆన్చి, ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకుంటూనే వచ్చాను.

నేను భయపడిన చావు ఆయనకి రాలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము మొన్న వానాకాలంలో తీసుకుపోయింది. నలభయ్యో రోజు ఫాతెహాకి యల్లమంద, శివరామయ్య ఇద్దరూ వచ్చారు. ఒకే చాప మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో ఆయన చోటు ఖాళీగా ఉంది. రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి పెట్టాను. ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాచలేదు. ఆయన పోయాక ఈ ఇల్లు ఎటు మొగ్గుతుందో వాళ్ళకి తెలియదు. ఆ రోజు వాకిట్లో పట్టిన భయమే మళ్ళీ పట్టుకుంది.

ఆయన డబ్బా నింపి తెచ్చాను. గ్లాసుల్లో నీళ్ళు మార్చి దాంట్లోవే పోసి, కాసిని నా దోసిట్లో పోసుకుని తాగాను.

“ఉత్త నీళ్ళే అన్నా,” అన్నాను.

యల్లమంద గ్లాసు తీసుకున్నాడు. శివరామయ్య కాసేపు నా చేతుల వంకే చూసి, తనూ తీసుకున్నాడు. రెండూ ఖాళీ అయ్యేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.