కేబేజీకి ఆవ పెట్టిన వైనం

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. నాకైతే అసలే ఉండేది కాదు. చీపురుపల్లిలో ఒక పురుగుమందుల కొట్లో బిల్లులు రాసే ఉద్యోగం నాది. సీసాల మీద పేర్లు చదవడం తప్ప సాగు గురించి ఏమీ తెలీదు. అయినా ఎవరైనా రైతు “బాబూ, ఆకు ముడుసుకుపోతన్నాది, ఏటి కొట్టమంతావు?” అంటే గడ్డం నిమురుకుంటూ “ఊఁ” అనేవాణ్ణి. (ఈలోగా లోపల్నుంచి యజమాని సరైన సీసా తెచ్చి ఇచ్చేవాడు.)

నాకు గది అద్దెకిచ్చినావిణ్ణి పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. పెరట్లో ఇరవై కేబేజీ మొక్కలు నాటిన మర్నాడే, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న కూతురికి తోడుగా ఆవిడ కళింగపట్నం వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, “ఒరే బాబూ, బారసాలకి వచ్చిన సుట్టాలకి ఈ కేబేజీయే వండుతాను. నీ కొట్లో మందు సుక్క పడిందంటే ఈపు పగిలిపోతాది” అని తోట నాకు అప్పగించింది. రెండ్రోజులకి ఫోను చేసింది. వెనక సముద్రపు గాలి హోరు. “సెప్పడం మర్సిపోనానురా. కేబేజీకి సుట్టూరా ఆవ ఎట్టీ. పురుగు దాని జోలికి రాదు.” “ఆమాత్రం నాకు తెలీదేటి పెద్దమ్మా!” అన్నాను. తెలీదు. మా ఇళ్లలో ఆవ పెట్టడమంటే ఒకటే అర్థం: నానబెట్టిన ఆవాలు, ఎండుమిరపకాయలు, పసుపు కలిపి నూరి, పొయ్యి మీంచి దించిన కూరలో కలపడం. మన నాలుక్కే చుర్రుమంటే పురుగు గతేమిటని తర్కించి, అరకిలో ఆవాలు నూరేశాను. (ఉప్పు కూడా వేశాను. ఎవరి రుచికో అడక్కండి.) పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు ఒక్కో ఆకుకీ పూస్తుంటే, ఊరందరికీ బావ అయిన పక్కింటాయన గోడ మీంచి తొంగిచూశాడు. “ఏటి బావా, కూర పచ్చిగానే తినేస్తావా, ఉడకనిస్తావా?” “మందుల కొట్టోడికి నువ్వు సెప్పక్కర్లేదు బావా” అని కసిరాను.

నాలుగు రోజుల్లో పదకొండు మొక్కలు మాడిపోయాయి. మిగిలిన తొమ్మిదింటికీ సన్నటి పచ్చపురుగులు పట్టాయి. ముట్టుకుంటే దారం వేసుకుని జారిపోయేవి. పొద్దున్నే లేచి ఏరాను, బూడిద చల్లాను, వేపగింజల కషాయం కొట్టాను. అవి మాత్రం ఆకుల్ని శ్రద్ధగా జల్లెడ చేసేశాయి. ఫోన్లో మాత్రం “బిందెల్లా ఊరుతున్నాయి పెద్దమ్మా!” అనేవాణ్ణి. “మా బాబే!” అని ఆవిడ మురిసిపోయేది. ఆ మురిపెం విన్నాక నిజానికి నోరు రాలేదు; అబద్ధానికి ఎలా వచ్చిందో నాకిప్పటికీ సిగ్గే.

ఆడపిల్ల పుట్టింది. బారసాల ముందురోజు బజార్లో నిగనిగలాడే కేబేజీలు ఇరవై కొని, గోనెలో వేసుకుని కళింగపట్నం బస్సెక్కాను. మర్నాడు తెల్లారగానే పెద్దమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఒకటి కోసింది, రెండోది కోసింది, ఒక ఆకు విప్పి వెలుతురుకి పెట్టి చూసింది. “ఒరే, కన్నం నేదు, పురుగు నేదు. ఇవి నా పెరట్లోవి కావు. ఎక్కడివిరా?” చుట్టాలందరి చూపూ నా మీదే. చెప్పేశాను. మాడినవీ, జల్లెడైనవీ, ఫోన్లో ఆడిన అబద్ధాలూ.

“ఆవ ఎట్టమన్నాను కదా?”

“పెట్టాను పెద్దమ్మా. నూరి.”

“నూరి ఏటిరా?”

“ఆకులకి పూశాను.”

“సచ్చినోడా! గింజలు సల్లమన్నానురా! ఆవమొక్క మొలిస్తే పురుగులు దాన్ని తిని కేబేజీని ఒదిలేస్తాయి!” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడిపోయింది. వసారా అంతా ఒకటే నవ్వు. లోపల్నుంచి బాలింత, “అమ్మా, నవ్వించకే, కుట్లు నొప్పెడతన్నాయి!” అని బతిమాలింది. కళ్లు తుడుచుకున్నాక పెద్దమ్మ నావైపు చూసి నెమ్మదిగా అంది: “మొక్క పోతే మళ్లీ ఏస్తాను. అబద్ధమాడినావు సూడు, దానికి ఈ ఇరవయ్యీ నువ్వే ఉప్పునీళ్లలో కడిగి తరుగు.” తరిగాను. ఆ పూటంతా తలెత్తకుండా అదొక్కటే పని.

ఇప్పుడు మా డాబా మీద కుండీల్లో కేబేజీ వేసే ముందు చుట్టూ ఆవాలు చల్లుతాను. తెలియనిది అడుగుతున్నాను కూడా, కొంచెం గొణుగుతూనైనా. ఆ పిల్ల రెండో తరగతి చదువుతోంది. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరుతో దాన్ని ఇంట్లో ఎవరూ పిలవరు. అదే రోజు చుట్టాలు నాకు పెట్టిన పేరు మాత్రం నిలిచిపోయింది. ఫోనెత్తగానే అది గొంతంతా పెట్టి అరుస్తుంది: “ఆవ మావా!”