నేను హేయమన్న చాట

టౌన్లో టవర్ క్లాక్ దగ్గర తోపుడు బండి మీద వేడి ఇసుకలో వేగే శెనక్కాయల వాసన సాయంత్రం గాలికి రోడ్డు దాటి వస్తుంది. మొన్న పొట్లం విప్పి మొదటి కాయ నొక్కితే లోపల గింజ మిరియమంత ముడుచుకుని ఉంది. బండాయన చూసి, "లొట్టపోయిందేమోక్కా, పారేయ్, ఇంకో పిడికెడు ఏస్తా" అన్నాడు. నేను పారేయలేదు. ఎందుకో చెప్పాలంటే ముదిగుబ్బ వైపున్న మా ఊరికి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అతిగా ప్రేమించిన ఒక మాట దగ్గరికి వెళ్ళాలి.

ఆ మాట 'హేయం'. ఇంట్లోనూ వీధిలోనూ అందరూ ఛీ అనేవారు, థూ అనేవారు. హేయం మాత్రం ఆదివారం మాట. బండల కప్పు వేసిన మా చిన్న చర్చి గుడిలో, చాపల వరుసల మధ్య నిలబడి వాక్యం చదివే అయ్యగారు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవారు. దానికి అర్థమేమిటని అడిగితే జొన్నరొట్టె తడుతున్న మా అవ్వ చెయ్యి ఆపకుండానే, "దేవుడు మొగం తిప్పుకునేది" అంది. దేవుడంతటివాడు మొగం తిప్పుకునే మాట నా నోట్లో ఉందని తెలిశాక తొమ్మిదేళ్ళ నేను ఊరుకుంటానా? అచ్చనగాయల ఆటలో రాయి దాచుకుంటే హేయం, పక్కింటి తాత పొగాకు నమలడం హేయం, ముక్కు చీదిన చేత్తో బొరుగులు తినడం హేయం. దేవునికి ఏవేవి హేయమో ఆ వరుసంతా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పినందుకు కంఠత వాక్యాల పోటీలో నాకు స్టీలు గ్లాసు బహుమతి కూడా వచ్చింది.

ఏడాదికొకసారి, శెనక్కాయ పెరికి కళ్ళంలో ఆరబోసే రోజుల్లో, మా గుడిలో కోతల పండగ జరిగేది. ఎవరి మొదటి పంట వాళ్ళు తెచ్చి ముందర పెట్టేవారు. గుమ్మడికాయలు, కొర్ర కంకులు, తువ్వాలలో మూటగట్టిన రాగులు, వేళ్ళకు ఎర్రమన్ను అంటుకుని ఉన్న శెనక్కాయ చెట్లు, ప్రార్థన మధ్యలో కుయ్యిమనే కాళ్ళు కట్టిన కోడిపెట్ట. వాటన్నిటి మీదుగా వెనక పొయ్యి మీద కాగే నూనెలో అలసంద వడల వాసన, ఊరిబిండి పచ్చడి రుబ్బే రోలు చప్పుడు.

ఆ ఏడు మాత్రం విత్తనం వేశాక వాన మొగం చూపలేదు. గుడిలో ముందరి బండ సగం కూడా నిండలేదు. కానుకలు అందుకుని వరుసగా పేర్చే పని నాది. అందరికన్నా చివర నర్సమ్మత్త వచ్చింది. ఊరి చివర రాళ్ళ చేను ఒక్కటే ఆమె ఆధారం, మొగుడు పోయిన తరువాతే సంఘంలో చేరింది. చదువు రాదు కాబట్టి వాక్యం ఎవరు చెప్పినా చెవులు రిక్కించి వినేది, పాట మాత్రం అందరికన్నా గట్టిగా పాడేది. ఉతికిన చీర ముక్క కప్పి, చాట రెండు చేతులతో పట్టుకొచ్చింది. గుడ్డ తీసి చూస్తే నల్లబడిన, వడలిన శెనక్కాయలు.

"ఇవన్నీ లొట్టలే కదత్తా. లోపముండే కానుక దేవునికి హేయం," అన్నాను. వెనక చాప దాకా వినబడింది.

ఆమె కోపపడలేదు. "అట్లనా పాపా," అంది, తెలియని సంగతి ఒకటి తెలుసుకున్నట్టు. గుడ్డ మళ్ళీ కప్పి, నాలుగు కొసలూ చాట కిందికి దోపి, వచ్చినదారినే వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఆదివారం ఆమె రాలేదు. పాట మొదలైతే గుడిలో ఒక మూల బోసిగా వినిపించింది.

అవ్వ నన్ను కొట్టలేదు. సోమవారం బడి మాన్పించి, చేతికి చిన్న పార ఇచ్చి నర్సమ్మత్త చేనికి తీసుకుపోయింది. పెరికినప్పుడు తెగి మట్టిలో ఉండిపోయిన కాయలను తవ్వి ఏరాలి. నేల బండలాగా ఉంది. గోళ్ళలో మన్ను దిగి, మోకాళ్ళు గీరుకుపోయి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి నా ఒడిలో పిడికెడు కాయలు కూడా లేవు.

నర్సమ్మత్త నీళ్ళ బిందెతో వచ్చింది. నా ఒడిలోకి చూసి నవ్వింది. "ఏమవ్వా, మనవరాలిని కూలికి తెచ్చినావా? మద్యానానికే ఇన్ని ఏరిందంటే నాకన్నా మేలే."

"ఆ చాటలోవి ఎన్ని దినాలు ఏరినావత్తా?" అని అడిగాను.

"నాలుగు దినాలు. ఒక్కోటి నొక్కి చూసి గింజ తగిలేటివి ఒక పక్క, తగలనివి ఒక పక్క ఏసినా. తగిలేటివే తెచ్చినా పాపా."

"మరి తగలనివి?"

"ఇంట్లో ఉండాయి. అవే తింటాండా."

చాటలోవి ఇంకా ఉన్నాయా అని అవ్వ అడిగింది.

"దేవునికి అన్నాక నేను తినేదెట్లవ్వా? ఆయన మొగం తిప్పుకున్నా సరే, అట్లే ఉట్టి మీద పెట్టినా."

తిరిగి వచ్చే దారిలో అవ్వ అడిగింది. "దేవునికి హేయమైనవాటి వరుస అప్పజెప్పు పాపా, విందాం." మొదలుపెట్టాను. అందులో మొట్టమొదటిది గర్వంగా చూసే చూపు. దాన్ని దాటి నా నోరు కదల్లేదు. "సాల్లే," అంది అవ్వ. "అది దేవుని మాట. మనం వాడితే మనమీదికే వాడుకోవల్ల."

ఆదివారం ఆ చాట నేను నెత్తిన పెట్టుకుని నడిచాను, నర్సమ్మత్త నా వెనక నడిచింది. గుడిలో ముందరి బండ మీద దించి, "నేను చెప్పింది తప్పు. ఇవి ఏరి ఏరి తెచ్చిన మంచివి" అని అందరికీ వినబడేలా చెప్పాను. అయ్యగారు చాట మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. ఆరాధన అయ్యాక వాటిని వేయించి తలా రెండు కాయలు పంచారు. అంతకు ముందు పాటలో ఒక చరణం గడిచాక ఆ మూల నుంచి నర్సమ్మత్త గొంతు కలిసింది. దేవుడు నన్ను క్షమించాడని ఆ గొంతు విన్నాకే నమ్మాను.

ఇప్పుడా గుడికి టైల్స్ వేశారు. కోతల పండగకు కానుకలు డబ్బుగా కవర్లలో వస్తున్నాయి, కోడిపెట్ట కూత లేదు, వడలు హోటల్ నుంచి వస్తాయి. అవ్వ, నర్సమ్మత్త ఇద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. రాళ్ళ చేను నిండా సోలార్ పలకలు మెరుస్తున్నాయి. ఆదివారం వాక్యం నేర్చుకోవడానికి నా దగ్గరికొచ్చే పిల్లలు హేయం అంటే ఏంటక్కా అని అడిగితే అవ్వ చెప్పిన రెండు మాటలూ చెబుతాను, రెండోది రెండుసార్లు చెబుతాను.

మొన్న ఆ ముడుచుకున్న గింజను నాలుక మీద పెట్టుకున్నాను. కొంచెం చేదు. బండాయన ఇంకా పిడికిలి చాపి చూస్తున్నాడు.

"వద్దులేప్పా," అన్నాను. "గింజ తగులుతాండాది."