జోప్ తిట్టని రోజు

వాన ఆగి నాలుగు రోజులైనా డకార్ శివారు కెర్ మస్సార్‌లోని ఆ వీధిలో నీళ్ళు తగ్గలేదు. పక్క వీధి వాళ్ళు పంపు తెచ్చి తమ నీళ్ళన్నీ ఇటు తోడిపోశారు. అల్లా దయవల్ల గట్టెక్కామని ఇప్పుడు కనబడిన వాళ్ళందరికీ చెబుతున్నారు. వాళ్ళు గట్టెక్కారు, బిరాన్ న్జాయ్ బండి మునిగింది.

ఏడుగురు కూర్చునే పాత డీజిలు బండి అది. డకార్ నుంచి కౌలాక్ దాకా మనుషుల్నీ, మేకల్నీ, ఉల్లి బస్తాల్నీ మోసీ మోసీ రంగు వెలిసిపోయింది. భార్య యాసిన్ దాన్ని అక్కయ్య అంటుంది. ఆవిడ కాపురానికి వచ్చేనాటికే అది ఇంట్లో ఉంది మరి. బిరాన్ ఏ రాత్రైనా ఇల్లు చేరగానే ముందు అక్కయ్యను తుడిచి, ఆ తర్వాతే అన్నం పళ్ళెం దగ్గరికి వస్తాడని చెప్పి నవ్వేది.

బిరాన్‌కు అరవై దాటాయి. ఈ బండి కదిలినన్నాళ్ళే అతను డ్రైవరు. ఇది ఆగిపోతే, చూపు మందగించిన ముసలాడి చేతికి తన బండి తాళం ఇచ్చే వెర్రివాడు దేశంలో ఎవడూ లేడు. మసీదు గోడవార చాప వేసుకుని, పొద్దెప్పుడు గూకుతుందా అని చూసే వాళ్ళ వరసలో తనూ కూర్చోవాలి. ఆ చాప గుర్తొస్తేనే అతనికి ముద్ద మింగుడు పడటం లేదు.

మెకానిక్ తల్లా జోప్ ఫోనులో ఒక్కటే మాట చెప్పాడు. నేను వచ్చేదాకా తాళం ముట్టుకోకు, నీళ్ళు తాగిన ఇంజను తిప్పితే విరుగుతుంది. బిరాన్ మూడు రోజులు ముట్టుకోలేదు. నిన్న మధ్యాహ్నం అటుగా పోతున్న ఎవరో "పాపం, బిరాన్ బండి పనైపోయింది" అన్నారు. ఆ మాట తట్టుకోలేకపోయాడు. తడి సీట్లో కూర్చుని, బిస్మిల్లా అని తాళం తిప్పాడు. బండి దగ్గింది, వణికింది, అందుకుంది. అతని ప్రాణం లేచొచ్చింది. అంతలో లోపల ఠంగుమని ఏదో విరిగింది, బండి ఆగిపోయింది. ఈ సంగతి యాసిన్‌కు కూడా చెప్పలేదు.

తల్లా ప్యాంటు మోకాళ్ళపైకి మడుచుకుని, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చాడు. జోప్ ఇంటిపేరు వాళ్ళకూ న్జాయ్ ఇంటిపేరు వాళ్ళకూ తాతల నాటి నుంచి వేళాకోళం వరస. ఎదురుపడితే తిట్టుకోకుండా పోవడం మర్యాద కాదు.

"ఏరా న్జాయ్, బతికే ఉన్నావా? ఎక్కడో అన్నం ఉడుకుతుంటే నీళ్ళలోంచైనా తేలతావులే."

"నిన్ను పిలవడం నా ఖర్మ. జోప్‌కి బండి అప్పగించడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే."

"మా తాత మీ తాతని ఒక్క పూట చేప అన్నానికి కొన్నాడు. ఆ లెక్కన నువ్వూ నావాడివే, బండీ నాదే. నా సొత్తు తడిపి కూర్చున్నావు."

గుమ్మంలో యాసిన్ నాలుగు రోజుల తర్వాత నవ్వింది.

"తాళం తిప్పలేదు కదా?" అన్నాడు తల్లా, బానెట్ ఎత్తుతూ.

"చెప్పిన మాట వినకపోవడానికి నేనేమన్నా జోప్‌నా?"

తల్లా ఫిల్టరు ఊడదీశాడు. బురదనీళ్ళు బుడబుడమని కారాయి. ఆయిల్ మట్టం చూసే పుల్ల బయటికి లాగితే, నీళ్ళు కలిసిన ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంది.

"ఇందులో చేపలు పట్టి వండుకు తినలేదేంరా, తిండిపోతా?"

బిరాన్ కూడా నవ్వాడు. తిడుతున్నాడంటే ఆశ ఉన్నట్టే. తల్లా ఇంజను పక్క నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, చూడకుండానే తడుముతూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. లోపల విరిగిన రాడ్డు ఇంజను గోడను పొడుచుకొచ్చిన కన్నంలో అతని వేలు దూరింది. మెల్లగా చెయ్యి తీసుకుని గుడ్డతో తుడుచుకున్నాడు.

"బిరాన్ గారూ, కాస్త ఇలా కూర్చుంటారా?"

బిరాన్ కూర్చోలేదు. తన తండ్రిని పాతిపెట్టిన రోజున ఇదే తల్లా అందరి ముందూ "ఒక తిండిపోతు తగ్గాడు, ఇక బియ్యం ధర దిగుతుంది" అన్నాడు. ఏడుస్తున్న ఇల్లంతా ఫక్కున నవ్వింది. చావింట్లో కూడా మానని వాడు ఇప్పుడు గారూ అంటున్నాడు.

"అదేం పిలుపురా? తిన్నగా మాట్లాడు. తిట్టు."

"ఇలాంటి ఇంజను ఇప్పుడు రావడం లేదండీ. అయినా నాకు తెలిసిన చోటల్లా అడుగుతాను లెండి."

"తల్లా, నీకు దణ్ణం పెడతాను. ఒక్క మాట తిట్టరా."

తల్లా తల వంచుకున్నాడు. "మీరు తాళం తిప్పారా?"

"తిప్పాను."

"నేనైనా తిప్పేవాణ్ణే. కళ్ళముందు నీళ్ళలో నిలబడి ఉంటే ఎవరు ఊరుకుంటారు చెప్పండి."

కోప్పడి ఉంటే బిరాన్ తట్టుకునేవాడు. బానెట్ అంచు పట్టుకుని, వీధి వాళ్ళంతా చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యాసిన్ తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళలోకి దిగింది.

ఒక న్జాయ్ ఇలా జోప్ ఎదుట ఏడిస్తే ఆ జోప్‌లు ఏడు తరాలు చెప్పుకుని నవ్వాలి. తల్లా నవ్వలేదు.