తులశమ్మ పిడికెడు

పదకొండేళ్లుగా గొంతులో వెలక్కాయ పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. ఈరోజు కక్కేస్తాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లు కాబట్టే మీతో చెప్పడం కొంచెం సులువుగా ఉంది. పేరు మాత్రం రాయను. వడమాలపేట చుట్టుపక్కల మేకలు పెంచేవాళ్లెవరైనా ఇది చదివితే నేనెవరో ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకోనీ. దాక్కునే ఓపిక నాకు అయిపోయింది.

మా నాయన ప్రదర్శనలకు మేకపోతులను తయారుచేయడంలో పేరు పడ్డ మనిషి. కోతకు పెంచడం వేరు, ప్రదర్శనకు మేపడం వేరు. కోతకైతే బరువొస్తే చాలు. ప్రదర్శనలో పశువుల డాక్టర్లు వీపు మీద అరచెయ్యి పెట్టి నిమిరి చూస్తారు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. నాలుగడుగులు నడిపించి కాళ్లు చూస్తారు. వీపు మీద గట్టి కండ ఉండాలి, ఊరికే కొవ్వు పట్టి ఉంటే పక్కన పెట్టేస్తారు. అందుకని మూడు నెలల ముందునుంచే ఆ పోతును మందలోంచి తీసి వేరే కట్టేస్తాం. పొద్దున మంచు ఆరాక గుట్ట దాకా నడిపించుకొస్తే తొడలు బిగుస్తాయి. కడుపునిండా అవిశాకు, ఎండిన చెనక్కాయ కట్టె, అదే వేరుశనగ తీగ. అది తిన్నాకే ఉడికించిన ఉలవలు, జొన్ననూక, చెనక్కాయ చెక్క. కొబ్బరిపీచుతో ఒళ్లు తోమాలి, గిట్టలు పెరిగితే కత్తితో చెక్కాలి. నాయనకు మగపిల్లలు లేరు. ఆ విద్య నాకు వచ్చింది. ఇల్లరికం వచ్చిన మా ఆయనకు మేక వాసనంటేనే పడదు.

నాయన ఒక మాట పదేపదే చెప్పేవాడు. "కొత్త దాణా యాదైనా సరే పిడికెడుతో మొదలుపెట్టల్ల. రెండు దినాలకొక పిడికెడు పెంచల్ల. కడుపులో ఆకుండేటప్పుడే పెట్టల్ల. ఆశపడితే పోతు సస్తాది." ఇందులో దాపరికం ఏమీ లేదు. అడిగినవాళ్లందరికీ చెప్పేవాడు. నేనూ ఇప్పుడు అందరికీ చెబుతాను, మొట్టమొదట అదే చెబుతాను. ఈమె ఎంత జాగ్రత్త మనిషో అనుకుంటారు విన్నవాళ్లు. వాళ్లకేం తెలుసు, ఆ మాటను అవసరమైనచోట ఒకసారి మింగేశానని?

మా పక్కిల్లు రెడ్డెమ్మది. ఆమె అత్త తులశమ్మ. నేను తులశమ్మత్తా అని పిలిచేదాన్ని, రెడ్డెమ్మ నన్ను అక్కా అంటుంది. వాళ్లింట్లో ఒక నల్ల పోతు ఉండేది, రెండు చెవులూ తెల్లగా. పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే తులశమ్మత్త సీసాతో ఆవుపాలు పట్టి, తన మంచం కోడుకు కట్టుకుని సాకింది. సిన్నోడు అని పేరు పెట్టింది. అన్నం తినేటప్పుడు చివర్న ఒక్క పిడికెడు తట్టలో మిగిల్చేది. "ఇది నా సిన్నోడి ముద్ద" అనేది. ఆ పిడికెడు కోసం వాడు కట్టుతాడు తెంపుకున్నంత పని చేసేవాడు. ఇది మా వీధిలో అందరం రోజూ చూసేదే, చూసి నవ్వుకునేదే.

పదకొండేళ్ల కింద కార్వేటినగరంలో ప్రదర్శన అన్నారు. నాయన పోయి ఏడాది కూడా తిరగలేదు. ఆయన లేకుండా నేనొక్కదాన్నే తయారుచేసిన మొదటి పోతు అది. రెడ్డెమ్మ వాళ్లు కూడా సిన్నోడిని తీసుకుపోతామన్నారు. సరదాకు అన్నారనుకున్నాను. ఒకరోజు వాళ్ల దొడ్లోకి పోయి ఊరికే సిన్నోడి వీపు మీద చెయ్యి పెట్టాను.

చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. నా పోతు కంటే వాడు పొడుగు. వీపు పీటచెక్కలాగా తిన్నగా ఉంది. పక్కటెముకలు కొంచెం తగులుతున్నాయి గానీ, ఆ నిర్మాణం ముందు అదొక లోపం కాదు. నేను మూడు నెలలు గుట్టెక్కి దిగి సాధించింది ఒక ముసలామె పాలసీసాతో, పిడికెడు అన్నంతో సాధించేసింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. కుళ్లు అంటారే, అది నిజంగా కడుపులోనే ఉంటుందని నాకు ఆరోజు తెలిసింది.

ప్రదర్శన ఇంకో ఆరు రోజులుందనగా రెడ్డెమ్మ మా పాక దగ్గరికి వచ్చింది. నేను ఉలవలు ఉడకబెడుతున్నాను.

"అక్కా, మా సిన్నోడికి ఎముకలు ఇంకా తగులుతాండాయి. నువ్వేం పెడతాండావో రోంత సెప్పక్కా" అంది.

"ఇదే. ఉలవలు, జొన్ననూక, చెనక్కాయ సెక్క. రోంత బెల్లం" అన్నాను.

"ఎంత పెట్టాల?"

ఇక్కడ ఆగుతాను. ఇంతకుముందు రెండుసార్లు రాయబోయి ఇక్కడే కాగితం చింపేశాను. ఆమె అడిగింది సరైన ప్రశ్న. మేకల సంగతి అంతంతమాత్రం తెలిసిన మనిషి, అయినా అడగాల్సిందే అడిగింది. నాయన మాట నా నాలుక చివరనే ఉంది. నేను దాన్ని మింగాను.

"తిన్నంత పెట్టు. మగోడు కదా, అరాయించుకుంటాడు. ఆరు దినాలే కదా ఉండేది."

"అట్నేనా అక్కా?"

"అట్నే."

"నువ్వు సెప్పినాక ఇంకేముంది" అని నవ్వుతూ పోయింది.

సిన్నోడు చావాలని కోరుకున్నానా? లేదు. ఇది నన్ను నేను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు, ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా అదే తేలుతుంది. పారుడు పట్టుకుని విరేచనాలు కావాలి, రెండు రోజులు నీరసపడాలి, మైదానానికి రాకూడదు. అంతే అనుకున్నాను. కానీ నాయన చెప్పిన మాటలో చివరి ముక్క నాకు తెలియదా? ఆశపడితే పోతు సస్తాది. చిన్నప్పటినుంచీ విన్నదాన్నే. అంత తెలిసినదాన్ని "అంతే అనుకున్నాను" అంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను.

మూడోరోజు పొద్దున్నే వాళ్లింట్లో కేకలు. పరుగెత్తాను. సిన్నోడు పడుకుని ఉన్నాడు. ఎడమ డొక్క డప్పులాగా ఉబ్బింది. పళ్లు కొరుకుతున్నాడు, నెమరు లేదు. రెడ్డెమ్మ మొగుడు డాక్టరు కోసం బండి తీశాడు. చుట్టూ పదిమంది చేరారు. అందరూ నా ముఖం చూశారు, ఆ పదిమందిలో తెలిసినదాన్ని నేనే కాబట్టి. తొట్టిలో సగం మిగిలిన ఉలవల గుగ్గిళ్లు కనబడుతున్నాయి. ఎవరో ఒకరు ఆ తొట్టి వైపు చూడకముందే ఏదో ఒకటి అనాలి.

"దీనికి అన్నమేమన్నా పెట్టినారా?" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. ఒట్టి ప్రశ్న. మేకకు అన్నం ఎక్కువైతే ఉబ్బి చస్తుందని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. తులశమ్మత్త రోజూ పెడుతుందనీ నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"రేతిరి ఒక పిడికెడు ఏసినానమ్మా. రోజూ ఏసేదే కదా" అంది తులశమ్మత్త. ఆమె చేతిలో సిన్నోడి తల ఉంది.

అంతే. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. రెడ్డెమ్మ ఒక్కసారి అరిచింది, "ఎన్నిసార్లు సెప్పినా నా మాట ఇంటివా అత్తా" అని. నూనె పట్టాను, డొక్క రుద్దాను, ముందుకాళ్లు మెట్టు మీద ఎత్తి పెట్టించాను. నా చేతనైనదంతా చేశాను, ఇది మాత్రం నిజం. డాక్టరు వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. ఏం తిన్నాడని ఆయన అడిగితే, అన్నం అని నలుగురు ఒక్కసారే చెప్పారు. కోసి చూడాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. రెడ్డెమ్మకు నేను చెప్పిన దాణా మీద అనుమానం అప్పుడు రాలేదు, తర్వాతా రాలేదు. నేను చెప్పింది కదా మరి.

మూడు రోజుల తర్వాత నా పోతుకు మొదటి బహుమతి వచ్చింది. మెడలో దండ వేశారు. నాకు పెద్ద స్టీలు అండా ఇచ్చారు. ఇప్పటికీ ఉలవలు ఉడకబెట్టేది అందులోనే. పారేయొచ్చు. పారేయలేదు. ప్రతిరోజూ దాన్ని తోమడం నాకు పడాల్సిన శిక్షలో ఒక చిన్న ముక్క అనుకునేదాన్ని. ఎంత తెలివో చూడండి! నా శిక్షను నేనే, నాకు వీలైనంత తేలిగ్గా వేసుకున్నాను.

తులశమ్మత్తను ఆ తర్వాత మేకల దగ్గరికి రానివ్వలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. "నువ్వు పక్కకుండత్తా" అనేవాళ్లు, అంతే. ఆమె అరుగు మీద కూర్చునేది. మేకపిల్ల అరిస్తే లేవబోయేది. సగం లేచి, గుర్తొచ్చి, మళ్లీ కూర్చునేది. ఆ సగం లేవడం నేను మా పాకలోంచి ఏడేళ్లు చూశాను. దొంగకు తేలు కుట్టినట్టు చూస్తూ ఉండిపోయాను. చివరి రోజుల్లో, మంచాన పడ్డాక, పలకరించడానికి పోతే నా చెయ్యి పట్టుకుంది.

"నేనేసింది పిడికెడేనమ్మా. నువ్వు తెలిసినదానివి, సెప్పు. పిడికెడుకు సస్తాదా?" అని అడిగింది.

గదిలో ఇంకెవరూ లేరు. ఆమె ఒక్కదానికి చెప్పినా చాలు. ఒక్క మాట. "పోనీలే అత్తా, అయిపోయిన దానికి ఇప్పుడెందుకు" అన్నాను. ఆమె చెయ్యి వదిలేసింది. వారానికి పోయింది.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఏదని అడిగితే ఇదే అంటాను. మొదటిది కుళ్లు, రెండోది భయం. మూడోదానికి పేరేమిటో నాలుగేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

ఇన్నాళ్లూ నోరు మూసుకున్నదాన్ని ఇప్పుడెందుకు తెరుస్తున్నానంటారా? చెబుతాను. పోయిన వారం మా మండలంలో ఆడవాళ్లకు మేకల పెంపకం గురించి శిక్షణ మొదలుపెట్టి, నన్ను చెప్పమన్నారు. దాణా ఎంత పెట్టాలో చెబుతున్నాను. వెనకనుంచి ఒకామె, ఎవరో వేరే ఊరి మనిషి, పక్కామెతో నవ్వుతూ అంది: "తులశమ్మ పిడికెడు పెట్టినట్టు పెట్టబాకు." అందరూ నవ్వారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. ఆ మాట ఎక్కడిదని అడిగాను. "మా పక్క అందరూ అట్ల అంటారు. ఎవురో ముసిలామె అంట, అన్నం పెట్టి పోతును సంపుకునిందంట" అంది.

మా వీధిలో పుట్టిన మాట గుట్ట దాటి సామెతైపోయింది. పాలసీసాతో సాకిన మనిషి పేరు మేకను చంపిన మనిషి పేరుగా ఊళ్లు తిరుగుతోంది. నేను చచ్చిపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చాక ఇంక కూర్చోలేకపోయాను.

అందుకే ఈ పొద్దున రెడ్డెమ్మ దొడ్లోకి పోయాను. ఆమె మేకలకు అవిశ కొమ్మలు తాడుకు వేలాడదీస్తోంది. కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే, ఎక్కడా ఆగకుండా, మీకు చెప్పిన వరసలోనే అంతా చెప్పాను. తిన్నంత పెట్టు అన్నది, అన్నమేమన్నా పెట్టారా అని అడిగింది, మంచం పక్కన నోరు విప్పనిది, మూడూ చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు, అడిగితే అదొక బరువు ఆమె మీద వేసినట్టవుతుంది.

ఆమె చేతులు ఎక్కడో మధ్యలో ఆగిపోయాయి. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను.

"అట్లయితే మా అత్త ఏసింది పిడికెడేనా?" అంది చివరికి.

"పిడికెడే" అన్నాను.

చేతిలో కొమ్మ అక్కడే కింద పెట్టి, పోయి అరుగు మీద కూర్చుంది, తులశమ్మత్త కూర్చునే చోటనే. మళ్లీ నా వైపు చూడలేదు. కొంతసేపు నిలబడి వచ్చేశాను.

రేపు శిక్షణకు ఆఖరి రోజు. అందరి ముందూ చెబుతాను. ఆ సామెత తప్పు, ఆ పోతును చంపింది తులశమ్మ కాదు, నేను అని చెబుతాను. ఆ తర్వాత నన్ను పిలుస్తారో లేదో, రెడ్డెమ్మ నన్ను అక్కా అంటుందో లేదో నాకు తెలియదు. అది వాళ్ల ఇష్టం. నాకు మిగిలింది ఒక్క జవాబు. అడిగిన మనిషి లేదు గానీ అడిగిన మాట ఉంది. ఆమెకే చెబుతున్నాను, మీరూ వినండి.

పిడికెడుకు సావదు అత్తా.