పప్పు బాగా ఉడికే నీళ్ళు

మొన్న ఆదివారం పొద్దున, హోసూరులో మేముండే అపార్ట్‌మెంటుకు నీళ్ళ మిషన్లు అమ్మే ఆయన ఒకాయన మెడలో టై కట్టుకొని వచ్చి, నేను వద్దనేలోపే వంటింట్లోకి చొరబడి, మా కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి, జేబులోంచి పెన్నులాంటిది తీసి అందులో ముంచి, దాని మీద వెలిగిన అంకెను నా ముఖం ముందు పెట్టి, అంకె ఎంత తగ్గితే నీళ్ళు అంత మంచివమ్మా అని పాఠం మొదలుపెట్టాడు. నా ఉద్యోగమంతా పరీక్షలు చేసే గదిలోనే గడిచింది. ఆ పెన్ను నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతున్నాయో చెబుతుందే తప్ప అందులో ఏముందో చెప్పదని, తెలియని సంగతి తెలిసినట్టు చెప్పి జనాన్ని బెదిరించి బతకడం కంటే కూరగాయలు అమ్ముకోవడం నయమని చెప్పి, ఆయన్ని గుమ్మం దాటించి తలుపు వేశాను. పాపం అనంతపురం వైపు నుంచి కొత్తగా వచ్చినవాడట, పక్కింటావిడ చెప్పింది. పాపం అనిపించలేదు నాకు. ఆయన పోయాక కూడా చాలాసేపు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ మంట ఆయన మీద మాత్రమే కాదు. ఏదో ఒక గుర్తు చూపించి ఇవి మంచి నీళ్ళు అన్నవాణ్ణి చూస్తే నాకు మా మామ గుర్తొస్తాడు, మామ గుర్తొస్తే ఆ వెనకే అత్త గుర్తొస్తుంది.

అత్త అంటే మా నాన్న అక్క, మామ ఆమె భర్త. మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే నన్ను తీసుకుపోయి పెంచింది ఆమే. సామల్పట్టిలో రైలు దిగి, అక్కడి నుంచి ఇంకాస్త లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్ళది. పేరు మాత్రం చెప్పను, చెబితే ఈ వయసులో కూడా నా మీదికి తగవుకు వచ్చేవాళ్ళు అక్కడ ఉన్నారు. ఊరికంతటికీ కిరాణా అంగడి మామదే. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన వైపు బావినీళ్ళంటే ఎలా ఉండేవో. నోట్లో పోసుకుంటే కాస్త ఉప్పగా. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. గిన్నెల అడుగున తెల్లటి గార కడుతుంది. ఇక కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు, ముందురోజే నానబెట్టి, చిటికెడు సోడా వేసి, పొయ్యి ముందు కూర్చుని దాన్ని తిట్టుకుంటూ గరిటతో మెదపాలి. అత్త పప్పును తిట్టే తిట్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

నేను చదువుకని కృష్ణగిరి హాస్టలుకు వెళ్ళిన ఏడు మా మామ వాళ్ళ నాయన పోయారు. మా వర్తకుల ఇళ్ళలో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ పేరున నీళ్ళ దానం చేయడం ఆచారం. కలిగినవాళ్ళు ఎండాకాలం చలివేంద్రం పెడతారు, లేనివాళ్ళు గుడి దగ్గర కుండ పెడతారు. మామ పంతం పట్టి ఊరి మధ్యలో లోతుగా బోరు వేయించాడు, దానికి చేతిపంపు బిగించి, పక్కన నల్లరాతి మీద తండ్రి పేరు చెక్కించాడు. మొదటి బిందె నీళ్ళు ఆ పేరు మీద పోశారు. రెండో బిందెతో కందిపప్పు ఎసట్లో పెట్టారు. ఆ పప్పు ఎప్పుడు ఉడికిందో కూడా తెలియనంతగా వెన్నలా ఉడికింది, ఊరందరికీ ఆ పప్పు, అన్నం పెట్టారు. నేనూ తిన్నాను. ఆ రోజు నుంచి పాత బావి వైపు ఎవరూ పోలేదు, ఆ ఇంటివాళ్ళను నీళ్ళు పోసినవాళ్ళు అని పిలవడం మొదలైంది.

చదువయ్యాక నాకు హోసూరులో, మామిడిగుజ్జు పైదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీ పరీక్షశాలలో ఉద్యోగం దొరికింది. మా జిల్లా మామిడి సంగతి మీకు చెప్పేదేముంది, కాయల కాలంలో ఊరికి ఊరే తీపి కుళ్ళు వాసన కొడుతుంది. ఆ గుజ్జులో పురుగుమందు మిగిలిందేమో చూసే యంత్రం మాకు ఒకటుండేది, సన్నటి పొడవాటి గొట్టంలోంచి ఆవిరిని పంపి అందులో ఏ మందు ఎంతుందో కాగితం మీద గీతలుగా గీసేది. దానికి ఏసీ గది, మాకేమో తిరగని ఫ్యాను. మా పెద్దాయన తమిళాయన, మంచివాడే కాని ఆ యంత్రం దగ్గర తుమ్మినా ఒప్పుకునేవాడు కాదు. తరువాత చాలా ఏళ్ళకు, ఫ్యాక్టరీ వాడే నీళ్ళను చూడడానికి ఫ్లోరైడు కొలిచే మీటరు వచ్చింది. సీసా నీళ్ళలో కడ్డీ ముంచితే చాలు, కాసేపటికి అంకె వచ్చి నిలబడుతుంది. అది నేర్పడానికి వచ్చినాయన చెబుతుంటే నేను రాసుకోవడం ఆపి విన్నాను. ఫ్లోరైడు కొంచెం ఉంటే పళ్ళకు మంచిదే, మోతాదు మించితే పళ్ళు గోధుమరంగు చారలు కడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకల్లో చేరి వెన్నును కొయ్యబారుస్తుంది అన్నాడు ఆయన.

అప్పటికే అత్తకు నడుము వంగదు, మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. కృష్ణగిరిలో ఇద్దరు డాక్టర్లు వాతం అని మాత్రలిచ్చారు, ఉద్దనపల్లి దగ్గర ఎవరో నూనె ఇచ్చారు. ఊళ్ళో పిల్లలు నవ్వితే పళ్ళ మీద గోధుమ చారలు. మామ అంగడి బెల్లం మిఠాయి తిని పళ్ళు పాడయ్యాయని తల్లులు వాళ్ళ వీపులు వాయించేవాళ్ళు. బావినీళ్ళు తాగి పెరిగిన నా తరంలో ఒక్కరికీ అలాంటి పళ్ళు లేవు. ఇంతకాలం కళ్ళ ముందున్నదాన్ని నేను ఆ గదిలో కూర్చున్నప్పుడు చూశాను.

ఆ శనివారమే ఊరికి పోయాను. బోరు నీళ్ళు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టాను, అత్త చేసిన రాగిసంగటి ముద్ద ఒకటి డబ్బాలో పెట్టుకున్నాను, ఇక మూడోది అత్త ఉచ్చ. అది అడిగినప్పుడు ఆమె పడిన సిగ్గు చెప్పలేను, మంచి ఇంటి ఆడదాన్ని ఇట్లాంటిది అడగొచ్చునా అని చెంగు నోట్లో కుక్కుకుంది. అయినా నా మొహం చూసి పట్టి ఇచ్చింది. ఆ మూడింటినీ ఒకే సంచిలో పెట్టుకొని హోసూరు బస్సెక్కాను. తరువాత ఊళ్ళో నీళ్ళ గురించి కంటే ఆ సంచి గురించే ఎక్కువ చెప్పుకున్నారు, మేనత్త ఉచ్చ మూట కట్టుకొని బస్సెక్కిన చదువుకున్నమ్మ అని నాకు పేరు పడింది.

మీటరు మొదటి అంకె చూపించినప్పుడు నేనే తప్పు చేశాననుకొని మళ్ళీ ముంచాను. ఉండదగినదానికి ఎన్నో రెట్లు ఉంది. సంగటిలోనూ ఉంది, అత్త ఉచ్చలోనూ ఉంది. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఇంట్లో అందరికంటే శుభ్రం పాటించేది అత్త. డాక్టరు ఎప్పుడో కాచిన నీళ్ళు తాగమన్నాడని, పొయ్యి మీద గంగాళం పెట్టి బాగా మరిగించి, సగం ఆవిరయ్యాక దించి, వడగట్టి తాగేది, దాంతోనే సంగటి గెలికేది. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడు అందులోనే చిక్కబడి ఉంటుంది. సరుకుకని సగం రోజులు కృష్ణగిరిలో, హోసూరులో తిరిగే మామకు ఏమీ కాలేదు. ఇల్లు కదలకుండా ఇంటి నీళ్ళే తాగిన అత్తకు అయింది.

మామకు ఈ సంగతి మెల్లగా చెబుదామనుకున్నాను. అంగడిలో, నలుగురు ఉండగా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆయన అంగడి దిగి లోపలికి రానన్నాడు. ఎవరి పేరున వేసిన బోరు గురించి నేను మాట్లాడుతున్నానో ఆయనకు అర్థమయ్యేసరికి ముఖం నల్లబడింది.

“మా నాయన పేరున విషం పోసినానంటావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానికేనా నిన్ను చదివిచ్చింది? రాండప్పా, అందరూ రాండి, ఈయమ్మ మిషను పెద్దదో, మా కందిపప్పు పెద్దదో ఈడే చూస్తాము!”

అన్నట్టే చేశాడు. అంగడి ముందర రెండు పొయ్యిలు పెట్టించి, ఒక కుండలో పాత బావినీళ్ళు, ఒక కుండలో బోరు నీళ్ళు పోయించి, ఒకే సంచిలోని కందిపప్పు రెండింట్లో వేయించాడు. ఊరంతా చేరింది. తరతరాలుగా సరుకును వేళ్ళతో నలిపి, నాలుక మీద వేసుకొని మంచిచెడ్డలు తేల్చే ఇల్లది, వాళ్ళకు అంతకు మించిన పరీక్ష లేదు. బోరు నీళ్ళ పప్పు మెత్తగా ఉడికిపోయింది, బావినీళ్ళ పప్పు పలుకు పలుకుగా అలానే ఉంది. మామ ఉడికిన పప్పును గరిటతో తీసి నా కళ్ళ ముందర జారవిడిచాడు, జనం ఈలలు వేశారు.

అందుకే ఈ బోరు నీళ్ళు చెడ్డవి అని నేను అరిచాను. నీళ్ళలో సున్నం ఉంటే పప్పు ఉడకదు, కాని ఆ సున్నమే ఫ్లోరైడును కరగనివ్వదు. సున్నం లేని మెత్తటి నీళ్ళలో పప్పూ ఉడుకుతుంది, ఫ్లోరైడూ కరిగి ఉంటుంది, మీరు మంచిదనడానికి చూపించిన గుర్తే ఈ నేలలో చెడ్డదానికి గుర్తు అని గొంతు పోయేలా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వెనక నుంచి ఒకావిడ, “కందకు లేని దురద కత్తిపీటకి ఏలమ్మా? తాగేది మేము కదా!” అంది. ఆమె కొడుకు ఆమె పక్కనే నిలబడి గోధుమ పళ్ళతో నవ్వుతున్నాడు. ఆ మనుషులందరినీ పట్టుకొని లెంపలు వాయించాలని అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రోజుతో ఆ ఇంటి తలుపు నాకు మూసుకుపోయింది. నేను అర్జీలు పెట్టి పెట్టి విసిగిస్తే నీళ్ళ శాఖవాళ్ళెవరో వచ్చి పంపుకు ఎర్రరంగు పూసి, తాగకూడదని రాసి పోయారు. వారం తిరగకముందే ఊళ్ళోవాళ్ళు దాని మీద సున్నం కొట్టి, రాతి మీది పేరుకు పసుపు కుంకుమలు పెట్టారట.

అత్త మాత్రం ఒకసారి వచ్చింది. డాక్టరుకు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి హోసూరుకు వచ్చి, మా ఇంట్లో ఒక ఎండాకాలమంతా ఉంది. మా నీళ్ళు తాగి, పాలు, ఆకుకూరలు తిని, వెన్ను సాగలేదు కాని నొప్పి తగ్గిందని, రాత్రి పక్క మీద తనంతట తాను ఒత్తిగిలగలుగుతున్నానని చెప్పింది. ఆమె ఉచ్చ మళ్ళీ పరీక్ష చేశాను, ఫ్లోరైడు తగ్గింది, ఆ అంకె చూసి నేను పిచ్చిదానిలా ఎగిరాను. ఇక్కడే ఉండిపొమ్మని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఉండనంది. పోనీ అక్కడికి పోయినా ఆ బోరు నీళ్ళు ముట్టకుండా పాత బావి నుంచి ఒక బిందె తెప్పించుకోమన్నాను. దానికీ తల అడ్డంగా ఊపబోయి, మెడ తిరగక, చెయ్యి ఊపింది.

“నువ్వు చెప్పింది నిజమేనమ్మా, నాకు తెలుసు. నా ఒంటికి తెలిసిపోయినాది. అయితే ఆ ఇంటి కోడలే ఆ నీళ్ళు తాగేది విడిస్తే ఊరు ఏమనుకుంటాది? మీ మామ అంగట్లో యాడ కూర్చునేది, ఎవురి మొగం చూసేది? ఇన్నేండ్లు తాగినాను, ఇంకెన్నేండ్లు తాగబోతాను చెప్పు.”

నేను ఆమెను తిట్టాను. నన్ను పెంచిన మనిషిని, సరిగా నిలబడలేని మనిషిని, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె నవ్వి, నా పిల్లలకు మురుకులు వేసి పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయింది.

తరువాత కొన్నేళ్ళకు అత్త పోయింది. కబురొస్తే వెళ్ళాను, ఆ రోజు నన్ను ఎవరూ ఆపలేదు. చివరి ఏళ్ళలో వెన్ను గూనిలా ముందుకు వంగి బిగుసుకున్న మనిషిని పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టలేక, కింద దిండ్లు దోపి, తాళ్ళతో కట్టారు. చివరి స్నానం ఆ బోరు నీళ్ళతోనే పోశారు. మామ నిటారుగా నిలబడి, వయసు కదా, వాతం కదా అని వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు.  ఆ పైన కావేరి నీళ్ళు పైపుల్లో ఆ ఊరికీ వచ్చాయి, చేతిపంపు తుప్పు పట్టింది. నేనే తిరిగి తిరిగి తెప్పించినానప్పా అని మామ చచ్చేవరకూ చెప్పుకున్నాడట.

ఈ మధ్య మా పాత పరీక్షశాలకు ఒకసారి పోయాను. ఇప్పుడక్కడ ఉన్న యంత్రాలు ఒక్క బొట్టులో ఏమేమున్నాయో మొత్తం విడదీసి చెబుతాయి. నీళ్ళు, తిండి, నెత్తురు, ఏదిస్తే అది. పిల్లలు అంకె చూస్తారు, కంప్యూటరులో ఎక్కిస్తారు, పంపేస్తారు. అంకె తెచ్చినందుకు వాళ్ళ మీదికి ఎవరూ పొయ్యిలు పెట్టుకొని రారు. ఎవరైనా ఎందుకు వస్తారు, ఇప్పుడు నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, క్యాన్లలో వస్తాయి, వాటి మీద ఎవరి తండ్రి పేరూ ఉండదు. నన్ను తరిమిన ఆ మూర్ఖులకు ఆ నీళ్ళు తమవి అన్న రోషమైనా ఉండేదని ఒక్కోసారి అనుకుంటాను, అలా అనుకున్నందుకు నా మీద నాకే కోపం వస్తుంది.

వయసు పెరిగేకొద్దీ కోపాలు చల్లారతాయంటారు. మామ మీద చాలావరకు చల్లారింది, ఆయన నమ్మలేదు, నమ్మక తాగించాడు. ఊరి మీదా అంతే, వాళ్ళూ నమ్మలేదు. ఆ ఊరు మొత్తంలో నా మాట, నా మీటరు మాట నమ్మింది మా అత్త ఒక్కతే. నమ్మి కూడా తాగింది. ఆమెను మాత్రం నేను ఇంకా క్షమించలేదు.