అక్క చెప్పిన అభ్యంతరం

నా చిన్నప్పుడు గవర్నర్‌పేటలో మా పక్కవాటాలో ఉండే అక్క దగ్గరికి ఇంగ్లీషు ట్యూషనుకు వెళ్ళేదాన్ని. అక్క ఒక బళ్ళో ఇంగ్లీషు టీచరు. ఇంట్లో తనూ వాళ్ళమ్మా, అంతే. వాళ్ళమ్మను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. సాయంత్రం వరండాలో చాప పరిచి మా నలుగురైదుగురు పిల్లల్నీ కూర్చోబెట్టి, గ్రామరు గబగబా ముగించి, మాకిష్టమైన చోటికి వచ్చేది అక్క. అదే, ఇంగ్లీషువాళ్ళ జాతీయాలు. అందులోనూ ప్రేమకూ పెళ్ళికీ సంబంధించినవి. ఇంట్లో ప్రేమ అన్న మాట ఎత్తితే వీపు విమానం మోత మోగే రోజులవి. అదే ఇంగ్లీషులో అయితే ఎంత గట్టిగానైనా అనొచ్చు, పైగా పిల్ల బాగా చదువుతోందని మెచ్చుకునేవాళ్ళు. ‘హెడ్ ఓవర్ హీల్స్’ అంటే మనిషి తలకిందులైపోయేంత ప్రేమ అని అక్క చెప్పగానే చాప మీద పడి పడి నవ్వాం. ‘టై ద నాట్’ అంటే పెళ్ళాడటమన్నప్పుడు మాత్రం, ఇందులో వింతేముంది, మన మూడుముళ్ళేగా అని పెదవి విరిచాం.

ఆ ఏడే అక్కకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుకు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. శనివారం శనివారం బస్సెక్కి వచ్చేవాడు. నెమ్మదస్తుడు. ఆయన వచ్చిన రోజు మేమెన్ని తప్పులు రాసినా అక్క ఏమీ అనేది కాదు. పిన్నిగారి సంబరం చెప్పనలవి కాదు. భర్త పోయాక ఆవిడ ముఖాన నవ్వు కనిపించింది అప్పుడేనని మా అమ్మ అనేది. పెళ్ళికని తెల్ల పట్టుచీర కొని, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మడత విప్పి చూపించేవారు.

వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. ఎవరూ ఏమీ చెప్పరు. అక్కడి పాటలంటే ఇష్టం కొద్దీ నేను అక్క వెంట వెళ్ళేదాన్ని, అందుకని మొదటి రెండు ప్రకటనలూ విన్నాను. పేరు చదవగానే అక్క తల వంచుకుంది. పిన్నిగారు మాత్రం తలెత్తి నలుగురినీ చూశారు.

మూడో ప్రకటనకు ముందటి శనివారం కూడా ఆయన వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. పిన్నిగారు కాఫీ తెచ్చిచ్చి, “అల్లుడుగారు చిక్కిపోయారండీ. పెళ్ళయ్యాక నే చూసుకుంటాగా” అని గుమ్మంలోనే నిలబడ్డారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. మేం పిల్లలం. ఆ ధైర్యంతో ఆయన అక్కతో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ముక్కలు ముక్కలుగా నా చెవిన పడింది. తన తల్లికి ఈ పెళ్ళి ఇష్టం లేదట. ఆవిడను కాదని పెళ్ళాడలేడట. చివర్న “ఐ హావ్ గాట్ కోల్డ్ ఫీట్” అన్నాడు. తీరా పెళ్ళి దగ్గరపడ్డాక భయపడి వెనక్కి తగ్గేవాళ్ళ గురించి అలా అంటారని అక్క మాకు కిందటి వారమే చెప్పింది. మీ అమ్మగారికి ఏం చెప్పాలో నువ్వే చూసుకో అని కూడా అన్నాడు. అక్క “ఆల్‌రైట్” అంది. ఆయన కాఫీ తాగి, పిన్నిగారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

“ఏవంటున్నాడే అబ్బాయి?” అని అడిగారు పిన్నిగారు.

“ఏం లేదమ్మా. ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉందంట.”

నేను తలెత్తాను. అక్క నా వంకే చూస్తోంది. నాకు అర్థమైందని తనకు తెలిసిపోయింది.

మర్నాడు చర్చిలో అయ్యగారు మూడోసారి ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అలవాటుగా అడిగి, జవాబు కోసం ఆగకుండానే కాగితం మడవబోయారు. నా పక్కన అక్క లేచి నిలబడింది.

“నాకుందండి అయ్యగారూ. ఈ పెళ్ళి నాకిష్టం లేదండి. అబ్బాయి తప్పేం లేదు.”

అందరూ ఇటు తిరిగారు. పిన్నిగారు కొంగు పట్టి కిందికి లాగారు, అక్క కూర్చోలేదు. అయ్యగారు బుజ్జగించి అడిగినా అదే మాట. ఇంటికొచ్చాక పిన్నిగారు తిట్టిన తిట్లు వీధంతా విన్నది. చదువు తలకెక్కిందన్నారు, పొగరన్నారు, దేవుడిచ్చిన సంబంధాన్ని కాలదన్నిందన్నారు. వీధి కూడా వంతపాడింది, మా అమ్మతో సహా.

ఆ సాయంత్రం అక్క పెరట్లో తీగ మీద బట్టలు తీస్తుంటే వెళ్ళాను.

“నిజం చెప్పెయ్యొచ్చు కదక్కా. వద్దన్నది ఆయన కదా.”

అక్క కళ్ళు వాచిపోయి ఉన్నాయి. “నా మీద కోపమైతే అమ్మ తట్టుకుంటుందే. తిడుతుంది, అలుగుతుంది, మళ్ళీ లేచి తిడుతుంది. తన కూతుర్ని ఒకడు వద్దనుకున్నాడంటే మాత్రం తట్టుకోలేదు. మంచం పట్టుద్ది.” నా వైపు తిరిగి, “ఎక్కడా నోరు జారకు. నా మీద ఒట్టు” అంది.

తలూపాను. అప్పుడు తీసిన బట్టలు అలాగే చేతుల్లో పట్టుకుని, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయనంటే అక్కకు ఎంత ప్రాణమో నాకు అప్పుడు తెలిసింది.

అక్క ఇక పెళ్ళి చేసుకోలేదు. పిన్నిగారు చాలా ఏళ్ళు బతికారు, బతికినన్నాళ్ళూ కూతుర్ని తిడుతూనే ఉన్నారు. ఆవిడ ఆఖరి రోజుల్లో చూడటానికి వెళితే, అక్క ఎదుటే నాతో, “దీని పొగరు వల్ల నాకు మనవడి ముఖం చూసే రాత లేకుండా పోయింది” అన్నారు. అక్క ఆవిడకు చెంచాతో జావ తాగిస్తూ, “అవునమ్మా, తప్పు నాదే” అంది. నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. అంతకన్నా కష్టమైన పని నా బతుకులో ఇంకొకటి చెయ్యలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు కనుక చెబుతున్నాను. ఫలానా వాళ్ళమ్మాయి కుదిరిన సంబంధాన్ని పొగరుతో చెడగొట్టుకుందని ఎవరైనా అంటే నేను ఆ మాటల్లో కలవలేను. అమ్మాయిని ఏమీ అడగను. వాళ్ళమ్మ ఎలా ఉందో చూస్తాను. ఆ తల్లి కూతుర్ని నోరారా తిట్టుకుంటూ నిక్షేపంగా తిరుగుతూ కనిపిస్తే నాకు ఏడుపు ఆగదు.